హెచ్‌డబ్ల్యుమాన్ పక్కనున్న అంకెను నమ్మకండి: ఉత్తరాంధ్ర సర్వర్ల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కళాశాలల్లో, ఆసుపత్రుల్లో, వ్యాపార సంస్థల్లో లినక్స్ సర్వర్ల బాధ్యత చూస్తున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు, ల్యాబ్ ఇన్‌ఛార్జులకు, ఆ సర్వర్లకు ఉష్ణోగ్రతను కనిపెట్టే స్క్రిప్టులు రాసి అప్పగించే కాంట్రాక్టర్లకు,

నమస్కారం.

సర్వర్ వేడెక్కితే హెచ్చరించడానికి మీరు పెట్టుకున్న స్క్రిప్టును ఒకసారి తెరిచి, అది ఉష్ణోగ్రతను ఏ ఫైలు నుంచి చదువుతున్నదో చూడమని కోరడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఆ ఫైలు పాత్ '/సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యుమాన్/హెచ్‌డబ్ల్యుమాన్2/టెంప్1_ఇన్‌పుట్' వంటిదై, హెచ్‌డబ్ల్యుమాన్ పక్కన ఒక అంకె నేరుగా రాసి ఉంటే, ఆ స్క్రిప్టు ఇవాళ ప్రాసెసర్ ఉష్ణోగ్రతను సరిగ్గానే చదువుతూ ఉండవచ్చు గాని, వచ్చే రీబూట్ తర్వాత కూడా దాన్నే చదువుతుందని ఎవరూ మనకు హామీ ఇవ్వలేదు. లినక్స్‌కు గుండె వంటి కెర్నెల్ ఇవ్వలేదు, దాన్ని ఇతర ప్రోగ్రాములతో కలిపి అందించే డిస్ట్రిబ్యూషన్ ఇవ్వలేదు, మదర్‌బోర్డు తయారు చేసిన సంస్థ కూడా ఇవ్వలేదు. లేని హామీ మీద మన రెండు జిల్లాల్లో చాలా సర్వర్ గదుల భద్రత ఆధారపడి ఉన్నదని నా వృత్తిలో భాగంగా గమనించాను. ఫైళ్ల పేర్లను ఈ లేఖలో ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాస్తున్నాను. యంత్రం మీద అవి ఆంగ్ల అక్షరాల్లోనే కనిపిస్తాయి.

విషయం మొదటి నుంచి చెబుతాను. లినక్స్‌లో ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం, వోల్టేజీ వంటి కొలతలు హెచ్‌డబ్ల్యుమాన్ అనే కెర్నెల్ విభాగం ద్వారా బయటికి వస్తాయి. ఏదైనా చిప్‌ను నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, లోడ్ అయి, తన చిప్‌ను గుర్తించి, ఆ విభాగంలో నమోదు కాగానే దానికొక డైరెక్టరీ ఏర్పడుతుంది. ఆ క్షణానికి ఖాళీగా ఉన్న సంఖ్యల్లో అతి చిన్నదాన్ని కెర్నెల్ దానికి కేటాయిస్తుంది. ముందు నమోదైనదానికి 0, ఆ తర్వాతిదానికి 1, అలా వరుసగా వెళుతుంది. డైరెక్టరీ లోపల టెంప్1_ఇన్‌పుట్, టెంప్2_ఇన్‌పుట్ వంటి ఫైళ్లుంటాయి. వాటిలోని విలువ డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది కనుక 47000 అని కనిపిస్తే 47 డిగ్రీల సెల్సియస్ అని అర్థం. ఈ ఫైళ్లను ఎలా పేర్కొనాలి, వాటిలో ఏ ప్రమాణం వాడాలి అన్నవి కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టిన నియమాలు, వాటిని నమ్మవచ్చు. డైరెక్టరీ సంఖ్య మాత్రం ఆ నియమాల్లోనిది కాదు. నమోదైన క్రమం తప్ప అది మరేమీ చెప్పదు.

ఆ క్రమం ఎందుకు మారుతుందన్నది ముఖ్యం. బూట్ సమయంలో డ్రైవర్ మాడ్యూళ్లను (విడివిడిగా లోడ్ చేయగల డ్రైవర్ ముక్కలను), పరికరాలను గుర్తించి ఏర్పాటు చేసే యూడెవ్ అనే ప్రోగ్రామ్ ఒకదాని తర్వాత ఒకటిగా కాక, ఒకేసారి అనేకం లోడ్ చేస్తుంది. ఏ చిప్ ముందు జవాబిస్తే, ఏ డ్రైవర్ ముందు సిద్ధమైతే దానికి చిన్న సంఖ్య దక్కుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లకు కోర్‌టెంప్, ఏఎండీ ప్రాసెసర్లకు కె10టెంప్, మదర్‌బోర్డు మీది నువోటాన్ చిప్‌లకు ఎన్‌సీటీ6775, మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్ అయిన బయాస్ చెప్పే విలువలకు ఏసీపీఐటీజెడ్ (ఏసీపీఐ థర్మల్ జోన్) అనేవి పాతకాలం నుంచీ ఉన్నాయి. 2020లో వచ్చిన 5.5 కెర్నెల్‌తో ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు (వేగవంతమైన ఎస్ఎస్‌డీ డిస్కులు) కూడా ఇదే విభాగంలో తమ ఉష్ణోగ్రతను నమోదు చేయడం మొదలుపెట్టాయి. అదే ఏడాది 5.6 కెర్నెల్‌తో సాటా కేబుల్‌తో కలిపే డిస్కుల కోసం డ్రైవ్‌టెంప్ అనే డ్రైవర్ వచ్చింది. వైఫై కార్డు ఒక వరుస సంఖ్య తీసుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డు మరొకటి తీసుకుంటుంది. అంటే పదేళ్ల క్రితం ఇద్దరు ముగ్గురే ఉన్న వరుసలో ఇప్పుడు ఆరేడుగురు నిలబడుతున్నారు. ఆనాడు రాసిన స్క్రిప్టులు ఏళ్ల తరబడి నిక్షేపంగా నడిచి, సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజు నుంచి తప్పు చెప్పడం మొదలుపెట్టడానికి ఇదొక పెద్ద కారణం.

విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో పాలకొండ వెళ్లాల్సిన మనిషికి 'వరుసలో మూడో బస్సు ఎక్కు' అని చెప్పి పంపితే, ఆ పూట ఏ బస్సు ముందొచ్చి నిలిచిందన్నదాన్ని బట్టి అతడు పాలకొండ చేరవచ్చు, సాలూరు చేరవచ్చు. బోర్డు చదివి ఎక్కమంటే ఆ సందేహమే ఉండదు. మన స్క్రిప్టులు బోర్డు చదవడం లేదు. బోర్డు మాత్రం ప్రతి డైరెక్టరీలోనూ ఉన్నది: దాని పేరు 'నేమ్' అనే ఫైలు. కెర్నెల్ నియమాల ప్రకారం హెచ్‌డబ్ల్యుమాన్ డైరెక్టరీలో తప్పనిసరిగా ఉండవలసిన ఫైలు అదొక్కటే.

పాత్ తప్పయితే ఫైలు దొరకలేదన్న లోపం వస్తుంది గదా, అప్పుడు సరిచేసుకోవచ్చు గదా అని కొందరు మిత్రులు అన్నారు. ఈ సమస్యలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టేది ఇదే: లోపం రాదు. ఉష్ణోగ్రత కొలిచే చిప్‌ల డైరెక్టరీల్లో దాదాపు అన్నిటిలోనూ టెంప్1_ఇన్‌పుట్ అనే ఫైలు ఉంటుంది. ప్రాసెసర్ బదులు ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఆ సంఖ్యలోకి వస్తే స్క్రిప్టుకు 41000 అందుతుంది. అది నమ్మదగిన సంఖ్యే. దాన్ని చూసి అనుమానించేవారు ఎవరూ ఉండరు. ఇంకా చెడ్డ సందర్భం ఏసీపీఐ థర్మల్ జోన్‌ది. కొన్ని డెస్క్‌టాప్ మదర్‌బోర్డుల్లో బయాస్ ఆ జోన్‌కు నిజమైన కొలత ఇవ్వదు. ఎప్పుడు చదివినా 27.8 డిగ్రీలే చూపిస్తుంది. ప్రాసెసర్ 95 డిగ్రీల మీద ఉడుకుతున్నా మన స్క్రిప్టు 27.8 అని లాగ్‌లో రాసుకుంటూ పోతుంది, గ్రాఫ్ మీద గీత చదునుగా ఉంటుంది, ఆ చదునుదనాన్ని చూసి గది చల్లగా ఉన్నదని మనం సంతోషిస్తాం. లోపం చెప్పి ఆగిపోయే స్క్రిప్టు కన్నా నిబ్బరంగా తప్పు చెప్పే స్క్రిప్టు ఎన్నో రెట్లు ప్రమాదం.

మన ప్రాంతంలోని ఒక విద్యాసంస్థ సర్వర్ గదిలో నేను చూసినదీ ఇదే. పండుగ సెలవుల్లో ఏసీ ఆగిపోయింది. పర్యవేక్షణ స్క్రిప్టు ప్రతి గంటకూ మెయిల్ పంపుతూనే ఉన్నది, అందులో ఉష్ణోగ్రత నలభైల్లోనే ఉన్నది. సెలవుల తర్వాత గది తలుపు తీసినవారికి ఆవిరి కొట్టినట్టయింది. వెంటనే ఆ సర్వర్‌లో అన్ని సెన్సర్ల కొలతలనూ పేర్లతో చూపే 'సెన్సర్స్' కమాండ్ ఇచ్చి చూస్తే ప్రాసెసర్ తొంభై దాటి ఉన్నది. స్క్రిప్టు చదువుతున్న డైరెక్టరీలో నేమ్ ఫైలు తెరిస్తే 'ఎన్‌వీఎంఈ' అని ఉన్నది. ప్రాసెసర్ తనను తాను నెమ్మదింపజేసుకుని బతికింది. ఇంటెల్ ప్రాసెసర్లు సాధారణంగా 100 డిగ్రీల చుట్టుపక్కల ఉండే తమ గరిష్ఠ పరిమితికి చేరువైనప్పుడు వేగం తగ్గించుకుంటాయి. ఆ వెసులుబాటు హార్డ్‌డిస్కులకు, పవర్ సప్లైలోని కెపాసిటర్లకు లేదు. అక్కడ పాడైనది ఒక డిస్కు. రాసిచ్చినవారి నైపుణ్యాన్ని నేను తప్పుపట్టడం లేదు. ఆ స్క్రిప్టులో మిగతా భాగమంతా శ్రద్ధగానే రాశారు. ఇంటర్నెట్‌లో దొరికే ఉదాహరణల్లో చాలా వాటిలో అంకెతో కూడిన పాత్‌నే చూపిస్తారు కనుక, అదే పద్ధతని నమ్మి ఎందరో రాస్తున్నారు.

ఈ సమస్య దేశమంతటా ఉన్నదే అయినా, మన జిల్లాల్లో దీనికి తోడయ్యే పరిస్థితి వేరే ఉన్నది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ మనకు నేర్పినదేమిటంటే, కరెంటు పోతే యూపీఎస్ నిలబెట్టగల వ్యవధికి మించి పోతుంది. తుఫానులు లేని రోజుల్లోనూ వేసవి సాయంత్రాల గాలివానలు చాలు. సర్వర్లు మాత్రం మామూలు రోజుల్లో నెలల తరబడి రీబూట్ లేకుండా నడుస్తాయి. ఈ మధ్యలో కెర్నెల్ అప్‌డేట్లు ఇన్‌స్టాల్ అవుతూ ఉంటాయి గాని అమల్లోకి రావు, ఎందుకంటే కొత్త కెర్నెల్ రీబూట్‌తోనే మొదలవుతుంది. ఎవరో డేటా నింపడానికి కొత్త డిస్కు తగిలించి ఉంటారు. ఇవన్నీ పోగుపడి ఉన్న సమయంలో కరెంటు పోయి, తిరిగి వచ్చి, సర్వర్ కొత్త కెర్నెల్‌తో, కొత్త డిస్కుతో లేస్తుంది. డ్రైవర్లు నమోదయ్యే క్రమం అప్పుడు మారుతుంది. సరిగ్గా ఆ సమయంలోనే గది ఏసీ కూడా కరెంటు పోయి వచ్చిన తర్వాత తిరిగి ఆన్ అయ్యిందో లేదో తెలియని స్థితిలో ఉంటుంది. హెచ్చరిక అత్యవసరమైన గంటలోనే హెచ్చరిక తప్పే అవకాశం ఎక్కువ. తీరప్రాంతపు తేమలో, ఏప్రిల్ మే నెలల ఉక్కలో సర్వర్ గది ఎంత త్వరగా వేడెక్కుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

కాబట్టి సంఖ్యను వదిలి పేరును పట్టుకోవాలి. స్క్రిప్టు చేయవలసినది ఇది: హెచ్‌డబ్ల్యుమాన్ డైరెక్టరీలన్నిటినీ చూసి, నేమ్ ఫైలులో 'కోర్‌టెంప్' లేదా 'కె10టెంప్' ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అంతటితో ఆగకూడదు. ఒకే చిప్‌లో అనేక కొలతలుంటాయి, ఏ కొలత దేనిదన్నది టెంప్1_లేబుల్ వంటి ఫైళ్లు చెబుతాయి. కోర్‌టెంప్‌లో మొత్తం ప్రాసెసర్‌కు 'ప్యాకేజ్ ఐడీ 0' అనీ, ఒక్కో కోర్‌కు 'కోర్ 0' తరహాలోనూ లేబుల్ ఉంటుంది. కె10టెంప్‌లో 'టీకంట్రోల్' అనే కొలతను సూచించే లేబుల్ ఒకటి, కొన్ని ప్రాసెసర్లలో సిలికాన్ అసలు వేడిని చెప్పే 'టీడై' మరొకటి ఉంటాయి. ఈ రెండూ ఒకటి కావు: మొదటి తరం రైజెన్‌లలో 1700ఎక్స్, 1800ఎక్స్ మోడళ్లలో ఫ్యాన్ నియంత్రణ కోసం ఇచ్చే మొదటి విలువ అసలు ఉష్ణోగ్రత కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపుతుంది. లేబుల్ చదవకుండా టెంప్1 అని రాసుకున్నవారు పేరు సరిగ్గా పట్టుకుని కూడా 20 డిగ్రీల తప్పు లెక్క చెప్పగలరు. హెచ్చరిక పరిమితిని కూడా స్క్రిప్టులో అంకెగా రాసిపెట్టడం కన్నా, అదే డైరెక్టరీలో ప్రమాద స్థాయిని చెప్పే టెంప్1_క్రిట్ వంటి ఫైలు ఉన్నప్పుడు దాన్ని చదివి, దానికి కొంత తక్కువగా పెట్టుకోవడం మంచిది. అప్పుడు యంత్రం మారినా పరిమితి దానితోపాటే మారుతుంది.

పేరు చాలని సందర్భాలు ఉన్నాయి, వాటిని దాటవేయడం నాకిష్టం లేదు. రెండు ప్రాసెసర్లున్న సర్వర్‌లో రెండు డైరెక్టరీల్లోనూ నేమ్ 'కోర్‌టెంప్' అనే ఉంటుంది. అప్పుడు ప్రతి డైరెక్టరీలో ఉండే 'డివైస్' అనే లింకును చూడాలి. అది ఒకచోట 'కోర్‌టెంప్.0' వైపు, మరోచోట 'కోర్‌టెంప్.1' వైపు చూపుతుంది. రెండు ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లున్నప్పుడు చిక్కు మరికాస్త పెరుగుతుంది, ఎందుకంటే డివైస్ లింకు చూపే 'ఎన్‌వీఎంఈ0', 'ఎన్‌వీఎంఈ1' అనేవి కూడా కనుగొన్న క్రమంలో వచ్చిన సంఖ్యలే. అక్కడ నమ్మదగినది డ్రైవ్ సీరియల్ నంబరు. అది 'డివైస్' లోపల 'సీరియల్' అనే ఫైలులో దొరుకుతుంది. సాటా డిస్కులకు డ్రైవ్‌టెంప్ వాడుతున్నవారు డివైస్ లింకు ద్వారా ఆ డిస్కును చేరుకుని, దాని ప్రపంచవ్యాప్త గుర్తింపు సంఖ్యను 'డబ్ల్యుడబ్ల్యుఐడీ' అనే ఫైలులో చదివి పోల్చుకోవచ్చు. డిస్కులను మౌంట్ చేయడానికి (వాడకానికి జోడించడానికి) ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనే వరుస పేర్లను నమ్మడం మనం ఎన్నడో మానేశాం, ఆ జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలులో యూయూఐడీ అనే స్థిర గుర్తింపు రాసుకుంటున్నాం. నెట్‌వర్క్ కార్డుల విషయంలోనూ 2013 జనవరిలో సిస్టమ్‌డీ 197వ వెర్షన్ నుంచి 'ఈటీహెచ్0' బదులు కార్డు అమరిన చోటును చెప్పే 'ఈఎన్‌పీ3ఎస్0' తరహా పేర్లు వచ్చాయి. డిస్కుకు, నెట్‌వర్క్‌కు ఇచ్చిన శ్రద్ధ ఉష్ణోగ్రత సెన్సర్‌కు ఇవ్వకపోవడానికి సరైన కారణమేదీ నాకు కనిపించదు.

డివైస్ వైపు నుంచి నేరుగా వెళ్లే పాత్‌ను కూడా చాలామంది వాడుతున్నారు: '/సిస్/డివైసెస్/ప్లాట్‌ఫారం/కోర్‌టెంప్.0/హెచ్‌డబ్ల్యుమాన్/' వరకు రాసి, ఆ తర్వాత 'హెచ్‌డబ్ల్యుమాన్' పక్కన అంకె బదులు నక్షత్రం గుర్తు పెట్టి, చివర 'టెంప్1_ఇన్‌పుట్' రాస్తారు. ఆ డైరెక్టరీలో ఒక్క హెచ్‌డబ్ల్యుమాన్ మాత్రమే ఉంటుంది కనుక కమాండ్లను అమలు చేసే షెల్ ఆ నక్షత్రాన్ని సరైన సంఖ్యతోనే నింపుతుంది. చిన్న స్క్రిప్టుకు ఇది చాలు, అంకె పెట్టిన పాత్ కన్నా ఎన్నో రెట్లు మేలు. అయితే దీనిలోనూ ఒక హద్దు ఉన్నదని గుర్తుంచుకోవాలి. సిస్ఎఫ్ఎస్‌ను, అంటే ఈ '/సిస్' ఫైళ్ల వ్యవస్థను, ఎలా వాడాలో చెప్పే కెర్నెల్ పత్రం, డివైసెస్ చెట్టులో ఒక పరికరం ఏ కొమ్మ మీద ఉంటుందన్నది వెర్షన్‌ను బట్టి మారవచ్చనీ, దాని మీద ప్రోగ్రాములు ఆధారపడరాదనీ చెబుతుంది. ఏఎండీ ప్రాసెసర్లకు ఈ పాత్ పీసీఐ (కార్డులు, చిప్‌లు కలిసే దారి) చిరునామా మీదుగా వెళుతుంది. కొత్త కార్డు పెట్టినా, బయాస్ అమరిక మారినా పీసీఐ చిరునామాలు జరిగే అవకాశం ఉన్నది. అందుకే ఏళ్ల తరబడి ఎవరూ తాకని సర్వర్‌లో పెట్టే స్క్రిప్టుకు పేరు, లేబుల్, అవసరమైనచోట సీరియల్ నంబరు వెతికే పద్ధతినే నేను కోరుతున్నాను.

మాడ్యూళ్లను ఫలానా క్రమంలో లోడ్ చేయమని 'మాడ్యూల్స్-లోడ్.డీ' అనే కాన్ఫిగరేషన్ డైరెక్టరీలో రాసి సంఖ్యలను కట్టడి చేయవచ్చని చెప్పేవారున్నారు. ఆ ఉపాయాన్ని దయచేసి వదిలేయండి. కెర్నెల్‌లోనే కలిసిపోయిన డ్రైవర్లు ఆ జాబితాకు లోబడవు. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు తమ తీరిక ప్రకారం సిద్ధమై నమోదవుతాయి. ఒక మాడ్యూల్‌ను తీసి మళ్లీ లోడ్ చేస్తే ఆ మధ్యలో ఖాళీ అయిన సంఖ్యను మరొకటి తీసుకోవచ్చు. యూడెవ్ నియమంతో హెచ్‌డబ్ల్యుమాన్ పేరే మార్చేద్దామన్నా కుదరదు, ఆ వెసులుబాటు నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లకు మాత్రమే ఉన్నది. అయితే ఫలానా పేరుగల హెచ్‌డబ్ల్యుమాన్ పుట్టినప్పుడల్లా '/రన్' కింద మనకు నచ్చిన స్థిరమైన పేరుతో ఒక సింబాలిక్ లింకు (అసలు ఫైలు వైపు చూపే మారుపేరు) సృష్టించమని యూడెవ్ నియమం రాసుకోవచ్చు. ఫైలు పాత్ మాత్రమే అడిగే పాత ప్రోగ్రాములున్నవారికి ఇదే సరైన దారి. బూట్ చివర్లో ఒక్కసారి లింకు పెట్టే స్క్రిప్టు కన్నా ఇది నయం, ఎందుకంటే డ్రైవర్ మధ్యలో తిరిగి లోడ్ అయినప్పుడు కూడా లింకు తాజాగా మారుతుంది.

సొంతంగా ఏదీ రాయకుండా 'ఎల్ఎం-సెన్సర్స్' ప్యాకేజీని ఆశ్రయించేవారి నిర్ణయం నాకు నచ్చుతుంది. అందులోని లైబ్రరీ చిప్‌ను సంఖ్యతో కాక 'కోర్‌టెంప్-ఐసా-0000' వంటి పేరుతో పిలుస్తుంది, డ్రైవర్ పేరు, చిప్‌ను కలిపే బస్ (సంకేతాల దారి) రకం, చిరునామా అందులో కలిసి ఉంటాయి. 'సెన్సర్స్' కమాండ్‌కు '-జె' జోడిస్తే జేసన్ రూపంలో ఫలితం ఇస్తుంది కనుక పైథాన్‌తో చదవడం సులువు. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ వ్యవస్థ వాడే సంస్థల్లో, దానికి కొలతలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ కూడా హెచ్‌డబ్ల్యుమాన్ సంఖ్యను నేరుగా నమ్మకుండా, దాని వెనకనున్న డివైస్‌ను బట్టి చిప్‌కు గుర్తింపు కడుతుంది. ఎల్ఎం-సెన్సర్స్‌తో వచ్చే 'ఫ్యాన్‌కంట్రోల్' స్క్రిప్టు అయితే తన కాన్ఫిగరేషన్‌లో ప్రతి సంఖ్య పక్కనా డివైస్ పాత్‌నూ, చిప్ పేరునూ రాసుకుని, మొదలయ్యేటప్పుడు అవి సరిపోలకపోతే కాన్ఫిగరేషన్ పాతబడిందని చెప్పి నడవడానికి నిరాకరిస్తుంది. ఫ్యాన్ వేగాన్ని తానే రాసి మార్చే ప్రోగ్రామ్‌కు ఆ నిరాకరణ అత్యవసరం. చదవడంలో పొరపడితే తెలియకుండా పోతుంది గాని, రాయడంలో పొరపడితే ఒక ఫ్యాన్‌ను ఆపేసే ప్రమాదం ఉన్నది. సొంతంగా ఫ్యాన్ స్క్రిప్టులు రాసుకున్నవారు ఈ లేఖలో మరేదీ చేయకపోయినా ఆ పరీక్షను మాత్రం ఇవాళే చేర్చుకోవాలని అభ్యర్థిస్తున్నాను.

రెండు జిల్లాల ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల అధ్యాపకులను ప్రత్యేకంగా ఒక మాట అడగాలనుకుంటున్నాను. మీ విద్యార్థులు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌తో ప్రాజెక్టులు చేస్తుంటారు. ఆ చిన్న సెన్సర్ లోపల తయారీ సమయంలోనే 64 బిట్ల గుర్తింపు రాసి ఉంటుంది: 8 బిట్లు కుటుంబ సంకేతం, 48 బిట్లు సీరియల్ నంబరు, 8 బిట్లు సరిచూపు సంకేతం. అందువల్ల దాని ఫైలు '/సిస్/బస్/డబ్ల్యు1/డివైసెస్/28-' అని మొదలై, ఆ తర్వాత ఆ సెన్సర్ సొంత సంఖ్యతోనే ఉంటుంది. ఎన్నిసార్లు రీబూట్ చేసినా, తీగ మీద మరో పది సెన్సర్లు చేర్చినా ఆ పాత్ మారదు. అదే విద్యార్థి సర్వర్ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చదివేటప్పుడు 'హెచ్‌డబ్ల్యుమాన్1' అని రాస్తాడు, ఎందుకంటే స్థిరమైన గుర్తింపుకూ కేటాయించిన వరుస సంఖ్యకూ తేడా ఎవరూ అతనికి చూపించలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఒక్క అభ్యాసం చేయించండి: ఒకసారి డ్రైవర్ మాడ్యూళ్లను వేరే క్రమంలో లోడ్ చేయించి సంఖ్యలు మారడం కళ్లారా చూడనివ్వండి. కెర్నెల్ ఉష్ణోగ్రతను చూపే మరోచోటైన థర్మల్ జోన్ డైరెక్టరీల సంఖ్యలదీ ఇదే కథ కనుక, అక్కడ 'టైప్' ఫైలు చదవాలని కూడా అప్పుడే చెప్పవచ్చు.

సంస్థల యాజమాన్యాలకు, కాంట్రాక్టర్లకు నా కోరిక సూటిగా చెబుతాను. కొటేషన్‌లోను, ఏఎంసీ (వార్షిక నిర్వహణ) ఒప్పందంలోను, పని పూర్తయ్యాక ఇచ్చే అప్పగింత పత్రంలోను ఒక షరతు చేర్చండి: పర్యవేక్షణ స్క్రిప్టుల్లో హెచ్‌డబ్ల్యుమాన్, థర్మల్ జోన్ సంఖ్యలు నేరుగా రాసి ఉండకూడదు, వెతికిన సెన్సర్ దొరకకపోయినా, ఒకటికి మించి దొరికినా స్క్రిప్టు ఏదో ఒకదాన్ని ఎంచుకోకుండా ఆగిపోయి, ఆ విషయాన్నే హెచ్చరికగా పంపాలి. రెండో భాగం మొదటిదానికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. కొత్త కెర్నెల్‌లో డ్రైవర్ పేరు మారవచ్చు, మదర్‌బోర్డు మార్చినప్పుడు చిప్పే వేరు కావచ్చు. అలాంటి రోజున 'సెన్సర్ దొరకలేదు' అన్న మెయిల్ అందుకున్న మనిషి లేచి వెళ్లి గది తలుపు తీసి చూస్తాడు. దీనికి అదనపు ఖర్చేమీ లేదు. ఇప్పటికే నడుస్తున్న స్క్రిప్టులను వెతకడానికి, అవి ఉన్న డైరెక్టరీల మీద ఫైళ్లలోని పాఠాన్ని వెతికే గ్రెప్ కమాండ్‌తో 'హెచ్‌డబ్ల్యుమాన్' వెంటనే 0 నుంచి 9 వరకు ఏదైనా అంకె ఉన్న చోట్లన్నీ పట్టుకోమంటే చాలు. నిర్ణీత వేళల్లో ప్రోగ్రాములను నడిపే క్రాన్ పట్టికల్లో, '/ఈటీసీ' కింద, '/యూఎస్ఆర్/లోకల్' కింద, డాష్‌బోర్డు, కాంకీ వంటి ప్రదర్శన ప్రోగ్రాముల కాన్ఫిగరేషన్లలో వెతకడం మరచిపోవద్దు.

సరిచేసిన తర్వాత పరీక్షించే పద్ధతి కూడా చెప్పి ముగిస్తాను. స్క్రిప్టు చూపే విలువనూ, 'సెన్సర్స్' కమాండ్ చూపే విలువనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తర్వాత ప్రాసెసర్ మీద కొన్ని నిమిషాల పాటు పూర్తి భారం వేయండి. 'స్ట్రెస్-ఎన్‌జీ' ప్యాకేజీ ఇందుకు సరిపోతుంది. నిజంగా ప్రాసెసర్‌నే చదువుతుంటే స్క్రిప్టు విలువ కొద్ది సెకన్లలోనే పైకి లేవాలి. లేవకపోతే అది మరేదో చదువుతున్నట్టు. తర్వాత సర్వర్‌ను రీబూట్ చేసి, ఒక డిస్కును చేర్చి మళ్లీ రీబూట్ చేసి, రెండుసార్లూ ఇదే పరీక్ష చేయండి. చివరగా స్క్రిప్టులోని చిప్ పేరును కావాలని తప్పుగా మార్చి, హెచ్చరిక మెయిల్ మీ ఫోనుకు వస్తున్నదో లేదో చూసి, పేరును యథాతథంగా పెట్టండి. ఈ పనంతా వచ్చే వేసవి మొదలయ్యేలోపు పూర్తి చేయమని, మీ సర్వర్‌లో ఏ చిప్ పేర్లు, ఏ లేబుళ్లు కనిపించాయో గది గోడ మీది రిజిస్టర్లో రాసిపెట్టమని, మీ తర్వాత ఆ బాధ్యత తీసుకునేవారికి ఆ పుటను చూపించమని కోరుతున్నాను.

భవదీయుడు,
లినక్స్ సర్వర్ల నిర్వహణలో పనిచేసే ఒక ఉద్యోగి,
విజయనగరం